నలభై గ్రాములు

ఆత్మకూరు దాటాక
సంచిలోని తూకపు గుండ్లు మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి.
కిలోది, అరకిలోది, పావుది
జీపు గుంతలో పడినప్పుడల్లా ఒకదాన్నొకటి పలకరించుకుంటూ.
కాటాలకు ముద్ర వేసే ఉద్యోగం నాది.
కర్నూలు మండీలో నేనొస్తున్నానంటే
ఉల్లిగడ్డ బస్తాల వెనకనుంచి టీలొస్తాయి.
ఇక్కడ నేనొస్తున్నానని ఒక్క నెమలికే తెలిసింది.
అదీ పట్టించుకోలేదు.

దారి తెగిన చోట కృష్ణ.
డ్యాము నీళ్లు తగ్గి
ఎప్పుడో మునిగిన ఊరి గోడలు
ముసలి పళ్లలా బయటపడ్డాయి.
మండ్లి ఈదన్న పుట్టి ఎక్కించుకున్నాడు.
"కదలొద్దు సారూ, నీ ఇనుంకే ఇది అలిగింది."

అవతలి ఒడ్డున ఒండుమట్టి.
రాత్రి నీళ్లకొచ్చిన దుప్పుల గిట్టలు,
వాటి మీదుగా, తొందరేమీ లేకుండా,
గుండ్రటి నాలుగు వేళ్లు.
నా కాళ్లు ఆగిపోయాయి.
ఈదన్న వంగి చూసి
"ఆడది. తెల్లార్జామున పోయింది" అన్నాడు,
పక్కింటామె సంతకు పోయిందన్నట్టు.

గూడెంలో పదకొండు బోద గుడిసెలు,
రెండు స్లాబు ఇళ్లు.
స్లాబుల్లో మేకలుంటాయి.

డిపో అంటే రేకుల గది.
గోడకు కారిన తేనె, దానెంట చీమల బారు.
గుమాస్తా ఓబులేసు సెలవు.
నా గుండు ఒక పళ్లెంలో, వాళ్ల రాయి ఒక పళ్లెంలో.
ముల్లు వణికింది, వణికింది,
ఒక పక్కకు ఒరిగి అక్కడే ఉండిపోయింది.
కిలోకు నలభై గ్రాములు ఎక్కువ రాయి.

"ఎన్నేళ్లనుంచి ఇది?"
కుడుముల బయ్యక్క వేళ్లు మడిచింది, మళ్లీ తెరిచేసింది.
"మా చిన్నోడు పుట్టినప్పట్నుంచి."
చిన్నోడికి మీసాలొస్తున్నాయి.
"మీకు తెలుసా?"
"చేతికి తెలీదా సారూ? ఎత్తితే తెలుస్తాది."
"మరి?"
"పట్టు కోసినప్పుడు ఈగలకు కొంచెం ఇడుస్తాం గదా.
ఆ ఈగ గూడా బతకల్లని ఇడిసినాం మొదట్లో."
అడవి మనసు గురించి ఒక మంచి వాక్యం
నా నోట్లో తయారవుతుండగా
ఆమె నవ్వింది.
"ఆనక మేమూ బెల్లంనీళ్లు కలపబడితిమి.
సరికి సరి."

నా ఫారంలో దానికి గడి లేదు.

ఎండ వాలాక చరియ మీదికి తీసుకుపోయారు.
అడుగున నది, పల్చగా, ఎవరో ఆరేసి మర్చిపోయిన పంచెలా.
ఈదన్న నడుముకు నారతాడు, చేతిలో పొగ.
రాతికి అతుక్కుని నల్లగా కదుల్తున్న పట్టు.
పైన తాడు పట్టుకున్నది అతని పెళ్లాం తమ్ముడు.
"అన్నదమ్ముడైతే ఇడిసేయొచ్చు సారూ.
బామ్మర్ది ఇడవడు. అక్క బొట్టు గదా కింద ఏలాడేది."
బయ్యక్క ఈ మాటన్నప్పుడు
నాకున్న ముగ్గురు బామ్మర్దులు గుర్తొచ్చారు.
గట్టు తగాదాతో నాలుగేళ్లుగా మాటల్లేవు.
తాడు ఊగినప్పుడల్లా
ఒక్కొక్కరి ముఖం ఆ చేతుల పైన పెట్టి చూశాను.
రెండోవాడు, బహుశా.

రాయి తప్పుడుదని రాశాను.
బెల్లం సంగతి రాయలేదు.

తిరుగు పుట్టిలో
మోదుగాకు దొన్నెలో ఇంత పట్టు ముక్క పెట్టాడు ఈదన్న.
సాక్ష్యానికి తీసుకున్న రాయి నా కాళ్లదగ్గరుంది.
నడి నీళ్లలో తెడ్డు ఆపి
"దాన్నీడ ఏస్తే పోలా?" అన్నాడు.
"కేసు రాయాల."
అతనేమీ అనలేదు. పుట్టి ఒకసారి గుండ్రంగా తిరిగింది.
కింద మునిగిన ఊళ్లో అంగళ్లుండే ఉంటాయి,
ఆ కాటాలకు ముద్ర వేసినవాడు ఎవడో.

జీపులో సంచి మళ్లీ మొదలుపెట్టింది.
ఈసారి ఒక గొంతు ఎక్కువ,
కొంచెం బరువుగా.
సిగ్నలు తగిలిన మలుపులో
రెండోవాడి నంబరు తీశాను.
నొక్కుదామంటే అద్దం మీద వేలు జారింది.
తేనె.