పదహారు స్క్వేర్

ఆటోనగర్‌లో మా కాంపౌండుకి
మీటరు పెట్టెలన్నీ గేటు దగ్గర.
నా షెడ్డు చిట్టచివర, డెబ్బై మీటర్ల లోపల.
తీసుకునేటప్పుడు అడుగులు లెక్కపెట్టలేదు,
అద్దె తక్కువని మాత్రం లెక్కపెట్టాను.

బటాలా నుంచి లారీ మీద దిగింది లేతు.
పది హెచ్‌పీ, నాకంటే రెండేళ్లు పెద్దది.
హార్బరు బోట్ల షాఫ్టులు తిప్పాలి దాని మీద.
బ్యాంకులో సంతకాలు పెట్టి పెట్టి
వైరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ముడుచుకుపోయింది.
డాబాగార్డెన్స్ కొట్లో అడిగాను:
"త్రీఫేజుకి సరిపోవాలి, తక్కువలో."
నాలుగు స్క్వేర్ చుట్ట దుమ్ము దులిపి ఇచ్చాడు.

మీట నొక్కితే లేతు మూలిగేది.
ట్యూబులైట్లు ఒకసారి కళ్లు మూసి తెరిచేవి.
పక్క షెడ్డులోంచి గవర్రాజు కేకేసేవాడు:
"నూకరత్నం, మొదలెట్టేశావా?"
మీద వెల్డింగు కూడా అందుకుంటే
టప్పున బ్రేకరు పడిపోయేది,
రోజుకి తొమ్మిదిసార్లు, పదిసార్లు.
విసుగొచ్చి ముప్పైరెండు పీకేసి
అరవైమూడు బిగించాను.
ఆ తర్వాత ఏ గొడవా లేదు.
నాలుగు నెలలు
ఆ నిశ్శబ్దానికి మురిసిపోయాను.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, వాసన.
ఉప్పుగాలి, స్టీలుప్లాంటు పొగ, కటింగ్ ఆయిలు,
ఈ మూడింటినీ నా ముక్కు ఎప్పుడో మర్చిపోయింది.
ఇది నాలుగోది.
ప్లాస్టిక్ దువ్వెన పొయ్యిలో పడినట్టు.

అసిరినాయుడు వచ్చాడు.
మెయిన్ దించి, గోడ పైపు మీద అరచెయ్యి ఆనించాడు,
పెనం ఆరిందో లేదో చూసే మనిషిలా.
"ఏటమ్మా ఇది! బస్సుడు జనం, సందంత దారి.
ఒరుసుకుంటే ఒళ్లు కాలదేటి?"
బోర్డు మూత తీశాడు.
"ఇదెవుడు మార్చినాడు?"
"నేనే."
"అరుస్తన్నాదని కుక్కని తోలేసి
దొంగ రానేదని తొంగున్నావన్నమాట."

తలుపు రేకు మీద సుద్దముక్కతో రాశాడు:
గేటు కాడ నాలుగొందల పదిహేను.
లేతు లేచే క్షణం, ఇక్కడ, మూడొందల అరవై.
"యాభైయయిదు ఏటయిపోనాయి?"
నేను గోడ వైపు చూశాను.
"ఆఁ. గోడకెడతన్నావు కూడు.
మోటారు లేచినప్పుడు ఆరింతలు లాగుతాది,
కూకున్న ముసిలోడు మోకాళ్లట్టుకు లేచినట్టు.
లేచాక నడిచిపోతాడు, బయం నేదు.
ఎంత తింటాదని అడిగితే సాలదమ్మా,
ఎంత దూరం మోసుకెళ్లి ఎడతావో సెప్పాల."

పదహారు స్క్వేర్, రాగి, నాలుగు పోగులు.
ధర విని షెడ్డు బోర్డుకి రంగులు మానేశాను.
ఇప్పటికీ రేకు మీద పాత ఓనరు పేరే,
సగం తుప్పులో, సగం ఎండలో.

ఆ కేబులు మాట వినే రకం కాదు.
మూల తిప్పడానికి మోకాలు అడ్డం పెట్టాల్సొచ్చింది.
లగ్గులు నొక్కి, సముద్రం లోపలికి రాకుండా
చివరలకి వాసలీను పూశాడు అసిరినాయుడు.
ఎర్తుకి కొత్త గొయ్యి: బొగ్గు, ఉప్పు, బొగ్గు.
ఆదివారాలు దానికి నీళ్లు పొయ్యడం నా వంతు.
అరవైమూడు మాత్రం అలాగే ఉంచాడు.
"ఈ ఇంటికి ఈ కుక్క సరిపోతాది."

సోమవారం మీట నొక్కాను.
లేతు మూలగలేదు. లైటు రెప్ప వెయ్యలేదు.
గోడ మీద చెయ్యి పెట్టి చూశాను, ఊరికే,
రెండుసార్లు.
పదకొండింటికి గవర్రాజు తొంగి చూశాడు:
"ఈవేళ సెలవేమో అనుకున్నాను."

ఉక్కు చుట్టలు చుట్టలుగా నా కాళ్ల దగ్గర రాలుతున్నాయి.
తను వెళ్లలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.
"కంప్రెసరు ఒకటి కొంటున్నాను.
నీ బోర్డులోంచి సన్నది ఓ వైరు లాక్కోనా?"

లేతు ఆపాను.
సుద్దముక్క ఎక్కడో ఉండాలి.
"ఇక్కణ్ణుంచి నీ షెడ్డుకి
ఎన్ని అడుగులు?"