ఆటోనగర్‌లో తీర్పు

పొద్దున్నే షెడ్డు ముందు రెండు బళ్ళు ఆగాయి.
నీలం జపాన్‌ది, ఎర్రది ఇటలీది.
ఏది గొప్పదో నన్నే తేల్చమని పందెం వేసుకొచ్చారు
పటమట హరనాథూ, మత్తు డాక్టరు ప్రమీల గారూ.

స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి
పిడి చెవిలో పెట్టుకున్నాను.
మా ఉస్తాద్ కాశిం నేర్పిన నాడి పరీక్ష.

నీలానిది కుట్టుమిషను శ్రుతి.
పదివేలు దాటేదాకా లెక్కల మాస్టారు,
దాటాక పూనకం.

ఎర్రదాని క్లచ్చు నొక్కితే
స్టీలు గిన్నెలో చింతగింజలు.
సీటు కింద పొయ్యి.
"తొడ కాలుతోందయ్యా, అయినా ఇదే" అంది డాక్టరమ్మ,
మొక్కు తీర్చుకున్న మనిషిలా.

రోడ్డెక్కించి చూద్దామన్నాను.
వాళ్ళ వెనకే నా మోపెడ్డు.
మే నెల, బెంజి సర్కిల్, నూటపది సెకన్ల ఎర్రదీపం.
ముందు నున్న మామిడికాయల ఆటో.
ఎర్రది ఫ్యాను తిప్పుకుంటూ రొప్పింది,
నీలం కిమ్మనలేదు.
పచ్చ పడింది.
ఆటో కదల్లేదు.
నాలుగొందల గుర్రాలు మామిడి వాసన పీలుస్తూ నిలబడ్డాయి.

తిరిగొచ్చాక టీ గ్లాసు పట్టుకుని చెప్పాను:
"నీలం నాదైతే ఇంటికెళ్ళి నిద్రపోతాను.
ఎర్రది నాదైతే షెడ్డులోనే పడుకుంటాను."

అదేం తీర్పని హరనాథు,
అదే తీర్పని డాక్టరమ్మ.
గేటు దాటేదాకా వాదన వినబడింది,
తర్వాత రెండు గొంతులూ ఇంజన్లలో కలిసిపోయాయి.

గచ్చు మీద ఎర్రది వదిలిన
రెండు చుక్కల నూనె.
కుర్రాడు గుడ్డ తెచ్చాడు.
ఉండనీరా అన్నాను.