నాలుగు కాంటలు

ఆదివారం ఎనుమాముల మార్కెట్టుకు సెలవు.
పత్తి లేదు, దళారి లేడు, కేక లేదు.
హమాలీ జంపయ్య బీడీ ఆర్పి
నాలుగు కాంటలు ట్రాలీకెక్కించిండు.
"పొద్దూకేసరికి తెచ్చియ్యాలె,
సేటుకు తెలిస్తె నన్ను తూకమేస్తడు."

పరకాల తొవ్వల, మక్క కోసిన చెల్కల
మేం దున్ని, తొక్కి, రోలరు తిప్పి చేసుకున్న గుండ్రం.
చుట్టూ పాత టైర్లు. అడుగున నల్లరేగడి,
మీద రెండు జానల మొరం.
పొద్దున ట్యాంకరు నీళ్లు జల్లితె
మన్ను టైరును అంటుకొని ఇడువది.
పన్నెండు దాటిందంటె
అదే మన్ను అద్దమైతది.

మా బండి ఒకప్పటి పెండ్లి అంబాసిడరు.
సీట్లు పీకినం, అద్దాలు పీకినం,
పైపులతోని పక్కటెముకలు అతికిచ్చినం.
డాష్‌బోర్డు కింద వేలు పెడితె ఇంకా
తలంబ్రాల గింజ తగులుతది.

ఓదెలు మూడు రౌండ్లు కొట్టి అచ్చిండు,
కండ్లల్ల దుమ్ము, నోట్లె తిట్టు.
"మలుపు దాటంగనే తోక ఇసురుతున్నది మామా,
స్ప్రింగులు బిగియ్యి. రాయి లెక్క చెయ్యి."

అందరు గదే అడుగుతరు.
గఫూర్ ఉస్తాదు మాత్రం
ఆటోనగర్ల నా మొదటి ఏడాది
చేతులకెల్లి పాన గుంజుకొని
"బిగిచ్చుడు ఎవనికైనా అస్తది బేటా,
ఎంత ఇడువాల్నో నేర్చుకో" అన్నడు.
ఉస్తాదుకు రెండు వేళ్లు లేకుండె.
అవి ఎక్కడ ఇడిచిండో చెప్పలే.

నాలుగు చక్రాల కింద నాలుగు కాంటలు.
ఓదెలును లోపల కూసోబెట్టిన.
ఊపిరి బిగవట్టిండు పిచ్చోడు,
ఊపిరికి సుత బరువుంటదన్నట్టు.
ముందు ఎడమ రెండొందల నలభై ఎనిమిది,
కుడి రెండొందల అరవై రెండు.
ఎనుక కుడి రెండొందల ఇరవై నాలుగు,
ఎడమ
నూటతొంభై ఆరే.
సిగరెట్టు పెట్టె మీద రాసుకొని సూసిన:
ఎనుక ఎడమ చక్రం ఆకలితోని ఉన్నది.

కుంటి నులకమంచం ఎరుకేనా?
ఒక్క కోడు కింద చెక్క పెట్టి సూడు,
బరువు ఎదురు మూలకు సుత పోతది,
మిగిలిన రెండు కోళ్లు తేలికవడుతయి.
ఇంజనీరు సారు దీనికేదో పేరు చెప్పిండు గని
మా అవ్వ ఈ పని
తెగిన చెప్పు ముక్కతోని చేసేది.

ఎడమ కమానుకట్ట మీద ఇనుప ముక్క దోపిన.
కుడి కట్టలకెల్లి ఒక్క రేకు ఊడదీసిన.
ఓదెలు మొఖం మాడింది.
"బిగియ్యమంటె ఇప్పుతున్నవేంది?"
మల్ల తూకమేసిన.
రేకు మూడు కిలోలు పోతె పోయింది,
మిగిలిన బరువు ఎక్కడికీ పోలే,
మూలలు మార్చుకున్నది, గంతే.
ఎనుక ఎడమ ఇప్పుడు రెండొందల అయిదు.
టైర్లల్ల కొంచెం గాలి దించి, పొమ్మన్న.

రెండు గంటలకు జెండా ఊపిండ్రు.
ఏడు బండ్లు. మైకుల ఎవడో
ఇద్దరు సర్పంచుల పేర్లు కలిపి చదువుతున్నడు.
నేను బండిని సూడలే, గీతల్ని సూసిన.
మలుపుల బండి కుడి తొడ మీద ఒరిగి,
బర్రె బురదల కూసున్నట్టు కూసొని,
తోక ఇంతే ఇంత పక్కకు వొయ్యి
ఆగి
మొరాన్ని కొరికి లేసింది.
మన్ను మీద తునగని గీత.

నాలుగోది అచ్చింది మా బండి.
కప్పు జమ్మికుంట జీపోళ్లు ఎత్తుకపోయిండ్రు.
ఓదెలు దిగి, హెల్మెట్టు తియ్యకుంటనే,
కుడి ఎనుక టైరు మీద అరచెయ్యి పెట్టిండు.
లోపలంచు, నడుమ, బయటంచు,
మూడు తావుల ఒకటే ఎచ్చ.
శానసేపు ఏం మాట్లాడలే.
"ఇంకో రేకు తీద్దామా?" అన్నడు.

పొద్దూకినంక కాంటలు అప్పజెప్పి
కాజీపేట బ్రిడ్జి ఎక్కినప్పుడు యాదికచ్చింది:
నాలుగో కాంటకు అంటిన మొరం తుడువలే.
రేపు పొద్దుగాల మొదటి బస్తకు
పావుకిలో ఎక్కువ తూగుతది.
బండి తిప్పుదామనుకున్న.
ఇన్నేండ్లల్ల ఆ కాంట
రైతు దిక్కు మొగ్గుడు ఇదే మొదలు.
తిప్పలే.