పద్నాలుగో నంబరు గది

ఏప్రిల్ ఎండల నెత్తికి తువ్వాల చుట్టుకొని
నర్సంపేట గల్లీలల్ల ఇల్లిల్లు తిరిగినం.
చేతిల కరపత్రాలు, జేబుల ఉల్లిగడ్డ.
"మా కాలేజీల చేర్పియ్యుండ్రమ్మా" అంటే
ఒకామె చాటల బియ్యం ఏరుకుంట అడిగింది,
"గది చదివితె ఏమొస్తది సారూ?"
ఇరవై రెండేండ్లు పాకాల తూము గురించి
పాఠం చెప్పిన నోరు
నీళ్లు నమిలింది.

జూన్‌ల దోస్త్ లిస్టు తెరిచినం.
చరిత్రకు ముగ్గురు.
అండ్ల ఒక పిల్ల తప్పు నొక్కిందట,
రెండో విడతల దిద్దుకున్నది.

ప్రిన్సిపాల్ మేడం మనిషి మంచిదే.
ఛాయ్ తెప్పిచ్చి చెప్పింది:
"ఎత్తేస్తున్నది గ్రూపును, సదానందం గారూ,
మిమ్ముల కాదు."
రెండు వేరువేరా అని నేనడగలే.
ఛాయ్‌ల చక్కెర జర ఎక్కువైంది.

పద్నాలుగో నంబరు గది ఖాళీ చేసినం.
గోడ పటాలు చుట్టి చంకల పెట్టుకున్న అటెండర్ ఓదెలు
ఒకటి విప్పి సూశి నవ్విండు,
"కళింగను చెదలు తిన్నయి సార్,
అశోకునికి పని తప్పింది."
నల్లబోర్డు ఊడబెరికితే
వెనుక సున్నం మీద పెన్సిల్‌తోటి ఎవరో రాసుకున్న ముక్క:
హాజరు అరవై రెండు, గైర్హాజరు ఒకటి.
ఆ ఒక్కరు ఎవరో.

ఇప్పుడక్కడ ముప్పై కంప్యూటర్లు.
చెప్పులు బయట విడిచి పోవాలె.

హన్మకొండల ఏడు రోజుల శిక్షణ.
నా పెద్దబిడ్డ ఈడు పిల్లగాడు
"మౌస్ అంత గట్టిగ పట్టకుండ్రి సార్, అది యాడికి పోదు" అన్నడు.
తిరిగొచ్చి డేటా పాఠం చెప్పుడు షురూ జేసిన,
రాత్రి నేర్సుకున్నది పొద్దున,
పిల్లలకంటె ఒక్క పేజీ ముందు,
ఒక్కోసారి అదీ లేదు.

"ఇంటికాడికెల్లి ఏదన్న లెక్క తెచ్చుకోండి" అంటే
కొందరు కరెంటు బిల్లులు తెచ్చిండ్రు,
ఒకడు క్రికెట్ స్కోర్లు.
ఖానాపూర్ అవతలి తండా నుంచి వచ్చే గుగులోత్ జ్యోత్స్న
పొద్దుగాల మిరపకాయ ఏరి పది గంటల బస్సెక్కే పిల్ల
ప్లాస్టిక్ కవర్ల తక్‌పట్టీలు తెచ్చింది.
పదకొండేండ్లయి. ఏనుమాముల మార్కెట్టుయి.
ఎక్కిచ్చుకుంట ఎక్కిచ్చుకుంట తుమ్ముతున్నది.
ఏసీ గదిల కారం గాటు,
పక్క వరుస గూడ తుమ్ముతున్నది.

బస్తాలు, తూకం, ధర,
హమాలీ, దడ్వాయి, కమీషన్.
తరుగు అనే గడికాడ వేలు ఆగింది.
"సార్, గిది ప్రతి ఏడు ఇంత ఇంత పెరిగింది.
మా బాపు ఎన్నడు చెప్పలే."
తెర మీద ఎర్రగీత
మంచె ఎక్కినట్టు ఎక్కుతున్నది.
"ఎందుకు పెరిగింది సార్?"

ఎంత పెరిగిందో చెప్పింది గని
ఎందుకో చెప్పే మీట ఏడ ఉన్నదో
నాకు శిక్షణల చెప్పలే.
లేచిన. సుద్దముక్క కోసం జేబు తడిమిన.
గోడకున్నది తెల్లబోర్డు.
అయినా చెప్పిన, చేతులు ఊపుకుంట,
నిజాం కాలం నాటి అడ్తి దుకాణాలకెల్లి మొదలువెట్టి.
గంట కొట్టిండ్రు. బస్సు టైమని సగం మంది పోయిండ్రు.
ఉన్నోళ్లల్ల ఒకడు నిద్రపోయిండు.

"ఫైలుకు పేరు అడుగుతున్నది" అన్నది జ్యోత్స్న.
నేను ఆలోచించెలోపలనే
వాళ్ల బాపు పేరు కొట్టింది.
ఓదెలు తాళంచెవి ఊపుతున్నడు, ఏసీ బందు చెయ్యాలె.

మళ్ల ఏప్రిల్ వస్తది.
చాట పట్టుకున్నామె గడప యాదికున్నది.
ఏమొస్తదో నాకింకా సక్కగ తెలువది.
ఈసారి నేనే అడుగుత:
"అమ్మా, మీ ఇంట్ల
పాత తక్‌పట్టీలు ఏమన్న ఉన్నయా?"