ఊకెనే

పొద్దుగాల నాలుగున్నరకు
స్వరూప నిద్రలనే అంటది: "గొళ్ళెం మెల్లగ తియ్యి."
మెల్లగనే తీస్త. అయినా అది రోజూ
ఒక ఇనుప తుమ్ము తుమ్ముతది.

లేసులకు రెండేసి ముళ్ళు.
ఎడమ బూటు బొటనవేలు కాడ చినిగితే
యాకయ్య తోలుముక్క అతికి
"ఇంకో నూరు మైళ్ళు ఆగుతది" అన్నడు.
కిలోమీటర్లల్ల ఎంతో నేనడగలే.

పగలంత ఎనుమాముల యార్డుల
కాంటా ముంగట కూసునే మనిషిని.
బస్తా ఎక్కుతది, బస్తా దిగుతది.
నలభై రెండు ఆరు వందలు,
ముప్పై తొమ్మిది నాలుగు వందలు.
చెయ్యి రాస్తనే ఉంటది, కాళ్ళు బల్ల కింద
ఎవరివో అన్నట్టు పడి ఉంటయి.
అందుకేనేమో తెల్లారకముందే
వాటి బాకీ అవి అడుగుతయి.

"ఎవడు తరుముతున్నడే నిన్ను?"
పాలబూతు మొగిలన్న మూడేండ్లు అడిగిండు.
ఇప్పుడు అడుగుతలేడు. షట్టరెత్తుకుంట
నన్ను చూసి గడియారం సరిచేసుకుంటడు.

మొదటి రెండు కిలోమీటర్లు ఎప్పుడూ అబద్ధమే.
పిక్కలు గునుగుతయి, ఊపిరి గీరుకుంటది,
"రేపు చూద్దాం తియ్" అని ఒంట్లో ఎవడో
బాకీ పడ్డోని లెక్క వాయిదా అడుగుతడు.
శంభునిపేట కుక్కలు ఒక్కసారి లేస్తయి,
తెలిసినోడే అనుకొని మళ్ళ పండుకుంటయి.
కోట మట్టికట్ట మలుపు తిరిగినంక,
జాగ ఇదీ అని చెప్పలేను,
ఒకనాడు చింతచెట్టు కాడ, ఒకనాడు బోరింగు కాడ,
అడుగుల సప్పుడు ఊపిరిలకు ఇంకుతది.
ఇగ లెక్కపెట్ట.
పొద్దంత లెక్కపెట్టేటోనికి
లెక్క మర్చిపోవుడంత సుఖం ఏమున్నది?

పన్నెండు, పదహారు,
ఆదివారమైతే ఇరవై ఒకటి.
వానొస్తే ఇంకో రెండు.
పతకాలు రెండే ఉన్నయి ఇంట్ల.
ఒకటి ఎటు పోయిందో తెల్వదు, ఒకటి స్వరూప
గ్యాసు పుస్తకం ఎగరకుంట బరువు పెట్టింది.

మాఘం ఎల్లిపోతుంటే మిర్చి దిగుతది.
యార్డు గేటు కాన్నుంచి కిలోమీటరున్నర
ట్రాక్టర్లు, డీసీఎంలు, బస్తాల మీద దుప్పట్లు,
దుప్పట్ల కింద మనుషులు.
ఆ ఘాటుల ఉరుకుడు కష్టం.
తుమ్ముకుంట, కండ్లు తుడుసుకుంట
పోతున్న ఒకనాడు, ఓ ముసలాయన
బస్తాల మీద దిగ్గున లేసి కూసున్నడు.
"బిడ్డా, జెండా పాట అయ్యిందా? ఎంత పలికింది?"

చీకట్ల ఉరికొచ్చేటోడు
ఏదో ఒక కబురు మోసుకొస్తడని ఆయన నమ్మకం.
ఆగిన. నాలుగేండ్లల్ల
నడుమ ఆగుడు అదే మొదలు.
"లేదు బాపూ. ఇంకా తెల్లారలే."
"మరెందుకు ఉరుకుతున్నవ్?"
"ఊకెనే."

ఆ మాటను ఆయన అరచేతుల మిరపకాయ లెక్క
ఇటు తిప్పిండు, అటు తిప్పిండు.
"ఊకెనేనా," అన్నడు.
"ఊకెనే చేసిన పని నాకొక్కటి యాదికొస్తలేదు."
కొంచెం సేపాగి,
"చిన్నప్పుడు ఎడ్ల ఎంబడి ఉరికేటోణ్ణి.
అది ఎడ్ల కోసం కాదు మల్ల."
సీసా అందించిండు.
నీళ్ళు సుత కారంగనే ఉన్నయి.

ఆ పొద్దు ధర ఆయన అనుకున్నంత పలకలే.
పన్నెండింటికి కాంటా కాడ నా ముంగటనే నిలబడ్డడు,
ముప్పై ఎనిమిది రెండు వందలు,
వేలిముద్ర పెట్టి, రుమాలు దులిపి పోయిండు.
నన్ను గుర్తుపట్టలే.
కూసున్న మనిషిని ఎట్ల గుర్తుపడతరు?

తెల్లారి మళ్ళ గొళ్ళెం తుమ్మింది.
యాకయ్య తోలు ఇంకా ఆగుతనే ఉంది.
బండ్ల వరుస పొంటి పోయేటప్పుడు మాత్రం
అడుగులు జర మెల్లగ ఏసిన,
దుప్పట్ల కింద
ఎవలకూ ఉత్తగ ఆశ పుట్టకుంట.