మూడో వరుస కొలత

నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండేది పసుపురంగు టేపు.
ముప్ఫై ఆరుకీ నలభైకీ మధ్య అంకెలు చెరిగిపోయాయి.
టొలీడోలో మనవాళ్ళ జాకెట్లన్నీ
అక్కడికొచ్చే ఆగుతాయి.

ఫిబ్రవరి. రోడ్డు పక్క మంచు బొగ్గురంగుకి తిరిగింది.
షోరూములో మూడు మినీవ్యాన్లు,
తెల్లది, బూడిదది, ఉల్లిపొర రంగుది,
తలుపులు పక్కకి జరుపుకుని నోళ్ళు తెరిచి ఉన్నాయి.
ఫణీంద్ర మైలేజీ అడుగుతున్నాడు.
నేను బూట్లు విప్పి లోపలికెక్కాను.
"విప్పక్కర్లేదండీ," అన్నాడు అమ్మే కోవాల్చిక్.
ఇల్లు చూడ్డానికెళ్తే విప్పమా?

తెల్లదాంట్లో రెండో వరుస కుర్చీలు విడివిడిగా,
రిసెప్షన్లో పెళ్ళికొడుక్కి వేసినట్టు, చేతులతో సహా.
మధ్యన దారి జానా బెత్తెడు.
అక్కణ్ణుంచి ఇందుజ చెయ్యి తమ్ముణ్ణి గిల్లడానికి అందదు.
వాడికి వాంతొస్తే కవరు అందించడానికీ అందదు.
రెండూ రాసుకున్నాను.

బూడిదదాంట్లో ముగ్గురు పట్టే బల్లసీటు.
మధ్యవాడికి అన్నిచోట్లా అన్యాయమే,
వీపుకి గట్టి, కాళ్ళకింద గట్టు,
తల ఆనించుకునేది పిల్లి తలంత.

ఉల్లిపొర రంగుదాంట్లో నేలలో గొయ్యుంది.
తాడు లాగితే మూడో వరుస మొత్తం
అందులోకి దొర్లి పడుకుంటుంది.
నాలుగు బియ్యం బస్తాలు పడతాయి, నా మిషను పడుతుంది.
కానీ మడతపడే సీటుకి దూది తక్కువ.
వేలితో నొక్కితే
ఇనుము తిరిగి వేలిని నొక్కింది.

దాన్లో కూర్చోవాల్సినవాడు అన్వేష్. పదిహేడేళ్ళు.
ప్యాంట్ల అంచులు విప్పీ విప్పీ
ఇంక మడతలో బట్ట మిగల్లేదు.
బాస్కెట్‌బాల్ ఉందని ఇవాళ రాలేదు.

"మీరెంత ఎత్తు?" అన్నాను కోవాల్చిక్‌తో.
"ఆరడుగుల రెండంగుళాలు."
"మావాడూ అంతే. మీరెక్కండి."

నవ్వాడు. నా మొహం చూసి నవ్వు మానాడు.
టై భుజం మీదేసుకుని
ముందొక మోకాలు, తర్వాత మోచెయ్యి, చివరికి తల,
గోనెసంచిలోకి పనసకాయ దిగినట్టు దిగాడు.
మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.
వంగి టేపు పెట్టబోయాను. పెట్టే చోటేదీ?
మోకాటికీ ముందు సీటుకీ మధ్య రెండు వేళ్ళు.
నెత్తికీ కప్పుకీ మధ్య జుట్టు,
అదీ ఎక్కువ లేదు.

అలా ముడుచుకునే, ఎందుకో, చెప్పాడు.
ఏడుగురు అన్నదమ్ములట.
వాళ్ళ నాన్న స్టేషన్ వ్యాగన్‌లో
చిట్టచివరి సీటు వెనక్కి తిరిగుండేదట.
అందరికన్నా చిన్న కాబట్టి అది ఆయనది.
"ఏ ఊరైనా దాటిపోయాకే చూశాను నేను.
ఈరీ సరస్సు రాగానే ముందువాళ్ళు
నీళ్ళు నీళ్ళు అని అరిచేవాళ్ళు.
నాకింకా రోడ్డే."

టేపు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడ్డాను.
ఏమనాలో తోచలేదు.
"ఎక్కడైనా బిగుతుగా ఉందా?" అన్నాను,
జాకెట్టు తొడుక్కుని చూసుకునేవాళ్ళని
రోజూ అడిగే మాట.
"భుజాల దగ్గర," అన్నాడాయన, నిజాయితీగా.

మీట నొక్కితే ముందు సీటు వంగాలి, వంగలేదు.
అటు ఫణీంద్ర, ఇటు నేను,
తలో చెయ్యీ పట్టి లాగాం.
మనిషి వచ్చాడు, ఒక బూటు లోపలే ఉండిపోయింది.
దానికోసం మళ్ళీ నేనే దూరాను.
నాకైతే అక్కడ బాగానే ఉంది, ఐదడుగులదాన్ని.
ఎవరూ ఏమీ అడగని చోటు.
కాసేపు బూటు దొరకలేదన్నాను.

ఏదీ కొనలేదు. శనివారం పిల్లాణ్ణి తెస్తామన్నాం.

రాత్రి కొలతల పుస్తకం తీశాను.
నీలవేణిగారి పట్టుజాకెట్టు, చెయ్యి పదకొండున్నర,
వీపు లోతు ఎనిమిది.
దాని కింద, అదే పెన్సిలుతో:
కోవాల్చిక్. మోకాలి ముందు రెండు వేళ్ళు.
వీపు వైపు, సరస్సు.