ఇరవై రెండడుగులు

గాలి పోయిన మూడో రోజు
నిచ్చెన వేసుకుని ఎక్కాను.
కప్పు ఉంది.
ఎర్ర రేకుల్లో ఒక్క మేకు కూడా లేవలేదు.
పడమటి చూరుకి మాత్రం
ఇరవై రెండడుగుల కాలువ లేదు.
కొక్కేలు మిగిలాయి,
ముసలినోట్లో పళ్ళలా, ఇక్కడొకటి అక్కడొకటి.

బెక్వే దీవిలో మాకు ఏరు లేదు.
కప్పు మీద పడి, చూరు వెంట నడిచి,
గొట్టంలోంచి ఇంటికింద సిమెంటు తొట్టిలోకి దిగిందే
మంచినీళ్ళు.
మా అమ్మమ్మ ఎల్వీరా ఎవరింటికెళ్ళినా
గోడలు చూసేది కాదు.
తొట్టి మూత ఎత్తి, లోపలికి ఒక కేక వేసి,
తిరిగొచ్చిన గొంతును బట్టి
ఇంటివాళ్ళ కలిమి చెప్పేది.

నా తొట్టిలో ఇప్పుడు
చీపురుకర్ర ముంచితే తొమ్మిదంగుళాలు.
అదీ కాస్త ఉప్పగా.
ఆ రాత్రి సముద్రం కప్పెక్కింది కదా.

నాలుగో రోజు వాన.
ఎంత మంచి వాన!
నా కళ్ళముందే చూరు దాటి,
తొట్టి నోటికి జానెడు దూరంలో నేలమీద దూకి,
నా పెరడంతా ఒకసారి చూసుకుని
కొండ దిగి సముద్రంలోకి వెళ్ళిపోయింది.
బకెట్లు పెట్టాను, గిన్నెలు పెట్టాను,
కుట్టుమిషను మూత కూడా తిరగేసి పెట్టాను.
చూరు పట్టుకుని వేలాడ్డమంటే ఏమిటో
ఆ పూట తెలిసింది.

వాన వెలిశాక వెతుక్కుంటూ పోయాను.
ఒక ముక్క సీమపనస చెట్టుకి చుట్టుకుని ఉంది,
మెలిదిప్పిన తడిబట్టలా.
ఇంకొకటి చర్చి వెనక, ఎవరి సమాధికో అడ్డంగా.
మూడోది, పొడుగుది, సొట్టలేనిది,
ఆర్నెల్ హేజెల్ చూరుకి
అప్పుడే మేకులు కొట్టించుకుని కూర్చుంది.

నా రంగు నాకు తెలియదా?
మా తమ్ముడి పడవకి వెయ్యగా మిగిలిన ఆకుపచ్చ.

ఆర్నెల్‌తో నాకు ఏడేళ్ళుగా మాటల్లేవు.
అతని మేక నా తీగమీద ఆరేసిన
బాప్టిజం గౌను తినేసింది.
ఊళ్ళో ఎవరి బిడ్డదో, కుట్టుకూలి కూడా రాలేదు.

"అది నాది" అన్నాను గేటు బయటినుంచే.
ఆర్నెల్ నీళ్ళు నమిలాడు.
ఈ దీవిలో, ఈ నెలలో,
నమలడానిక్కూడా నీళ్ళున్న మనిషి!
"గాలి ఇచ్చింది" అన్నాడు చివరికి.
"గాలి నా దగ్గర అడక్కుండా తీసుకుంది."
ఇంకా చాలా అందామనే వెళ్ళాను.
గొట్టం చివర అతని మనవరాళ్ళిద్దరు
చెరొక రేకుకప్పు పట్టుకుని
ఆగిపోయిన వాన తాలూకు ఆఖరి చుక్కకోసం
వంతులాడుకుంటున్నారు.
పీకమని అడగలేకపోయాను.
అలాగని ఇచ్చేశానని కూడా అనలేదు.

తెల్లారకముందే సుత్తి చప్పుడు.
నా నిచ్చెన, నా గోడ, పైన ఆర్నెల్.
పడవలు చేసే చేతులు.
దేవదారు పలకలు రెండేసి కలిపి,
అతుకుల మీద పాత తెరచాప గుడ్డ పరిచి,
కీలు పూస్తున్నాడు.
కాలువ కాదు, సన్నటి పడవ
నా చూరు వెంట తలకిందులు కాకుండా వేలాడుతోంది.
"గుండ్రటిదేమైనా ఉందా?" అన్నాడు కిందికి చూడకుండా.
వంటింట్లోంచి జాజికాయ తెచ్చిచ్చాను.
దొర్లించాడు.
సగం దూరం పోయి ఆగింది.
కొక్కెం ఒకటి అరవేలు దించి మళ్ళీ వదిలాడు.
ఈసారి అది ఆలోచించుకోకుండా పోయింది,
గొట్టంలోకి, తొట్టిలోకి.
లోపల్నించి 'డుబుక్' మని చిన్న మాట.

టీ ఇవ్వబోతే వద్దన్నాడు.
మేక ఊసు అతనెత్తలేదు, నేనూ ఎత్తలేదు.
ఏడేళ్ళు ఎండిన దాన్ని
ఒక్క వానకే తడపకూడదు.

మొదటి వాన వదిలేశాను.
ఉప్పూ, ఆకులూ, ఎండిపోయిన బల్లి ఒకటీ
కొట్టుకుపోయేదాకా గొట్టం పక్కకి తిప్పి పట్టుకున్నాను.
ఆ తర్వాత తొట్టిలో పెట్టి
చీకట్లో నేలమీద చెవి ఆన్చి పడుకున్నాను.

పదకొండంగుళాలు.
జాజికాయ ఇంకా లోపలే ఉంది.
పొద్దున్నే నీళ్ళు నోట్లో పోసుకుని
వాసన తెలుస్తుందేమోనని
కాసేపు మింగకుండా ఉంటాను.